వరిలో రోగనిరోధకత, ఆకుల వార్ధక్యం: జన్యు నియంత్రణ పాత్ర

కామారెడ్డి జిల్లాలో నిజాంసాగర్ ఆయకట్టు, ఎల్లారెడ్డి పరిసరాలలో పోచారం ఆయకట్టు వరి సాగుకు ఆధారాలు. వానాకాలం పైరు చిరుపొట్ట దశకు చేరినపుడు ఆకులు పసుపుబారితే, అది నత్రజని లోపమా, ముదురాకు సహజంగా పండటమా, బాక్టీరియా ఎండాకు తెగులా అన్నది ముందుగా నిర్ధారించాలి. తెగులును లోపంగా భావించి యూరియా వేస్తే తెగులు ఉధృతమవుతుంది.

జంతువులలో వలె మొక్కలో సంచరించే రక్షక కణాలు లేవు. ప్రతి కణమూ తన రక్షణను తానే చూసుకోవాలి. ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే నియంత్రణ వ్యవస్థ ఇందుకు మూలం. ఎండాకు తెగులు కలిగించే జాంథోమోనాస్ ఒరైజే బాక్టీరియా ఈ వ్యవస్థనే వశపరచుకుంటుంది. అది కణంలోకి పంపే ఒక ప్రోటీన్, చక్కెరను కణం వెలుపలికి చేరవేసే స్వీట్ 11 జన్యువు ప్రమోటర్‌కు అతుక్కొని దానిని ప్రేరేపిస్తుంది. ఎక్స్‌ఏ 13 గల వరిలో ఆ ప్రమోటర్ మారి ఉన్నందున ఈ ప్రేరణ సాగదు. ఎక్స్‌ఏ 5లో జన్యు లిప్యంతరీకరణకు తోడ్పడే ప్రోటీన్‌లో ఒక అమైనో ఆమ్లం మారింది. ఆఫ్రికా అడవి వరి నుండి గ్రహించిన ఎక్స్‌ఏ 21 బాక్టీరియాను గుర్తించే గ్రాహకం. దీని నిరోధకత లేత దశలో బలహీనంగా ఉండి, మొక్క ముదిరేకొద్దీ బలపడుతుంది.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ, నాటి వరి పరిశోధన సంచాలకాలయం కలిసి ఈ మూడు జన్యువులను సాంబమసూరిలో చేర్చి రూపొందించిన ఇంప్రూవ్డ్ సాంబమసూరి 2008లో విడుదలైంది. ఎక్స్‌ఏ 5, ఎక్స్‌ఏ 13 అంతర్గత జన్యువులు. రెండు ప్రతులూ ఉన్నపుడే నిరోధకత వ్యక్తమవుతుంది కనుక, ఒకే ప్రతి గల మొక్కలను గుర్తించడానికి ప్రజననంలో అణు గుర్తులు అవసరమయ్యాయి.

ఆకు పండటం సైతం నియంత్రిత ప్రక్రియే. నాక్ కుటుంబానికి చెందిన నియంత్రక ప్రోటీన్ల ప్రభావంతో పత్రహరితం విచ్ఛిన్నమై, ఆకులోని నత్రజని గింజలకు తరలుతుంది. తెగులు సోకిన ఆకు ఈ తరలింపు పూర్తికాకముందే ఎండుతుంది. ఫలితంగా తాలు గింజలు పెరుగుతాయి.

సహజ వార్ధక్యం, నత్రజని లోపం అడుగు ఆకులతో మొదలవుతాయి. తెగులు మాత్రం ఆకు కొన నుండి అంచుల వెంట అలల వలె కిందికి దిగుతుంది. సోకిన ఆకును కోసి గాజు గ్లాసులోని తేట నీటిలో ఉంచితే, కోసిన చోటు నుండి పాలవంటి ద్రవం స్రవిస్తుంది. తెగులని తేలితే యూరియా పైపాటును నిలిపి, మడిలోని నీటిని తీసివేయాలి. ఆ నీటిని పక్క మడికి పారనీయరాదు. తదుపరి పంటకు నిరోధక రకాన్ని ఎంచుకోవాలి, నాట్ల సమయంలో నారు కొనలు తుంచరాదు. విస్తరణ సిబ్బంది రైతుకు ముందుగా నేర్పవలసినది ఈ గ్లాసు నీటి పరీక్షనే.