నీటి దారి

హైదరాబాదులోని ఉస్మానియా వైద్యశాల ఆవరణమున నొక ముదుసలి చింతచెట్టు కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసినపుడు సుమారు 150 మంది ఆ చెట్టు నెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. కొమ్మ దొరకని వారు వేలకొలది కొట్టుకొనిపోయిరి.

పిమ్మట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఆయన నగరములోని శిథిలములను చూచుటతో తృప్తిపడక, నీరు వచ్చిన దారిని పరిశీలించెను. ఎగువను దాదాపు 800 చెరువులుండెననియు, ఆనాటి వానకు వానిలో 200కు పైగా తెగినవనియు తేలెను. కావున వరదను నగరము చేరకముందే ఆపుటకు జలాశయములు కట్టవలెనని ఆయన సూచించెను. 1920లో మూసీపై ఉస్మాన్ సాగరము, 1927లో ఈసీపై హిమాయత్ సాగరము పూర్తియైనవి. జనులను ముంచిన నీరే జనులు త్రాగు నీరాయెను. ఇంజనీరు విద్య యనగా నిది గదా!

బాలలారా! మన పూర్వులు చెరువులను గొలుసుకట్టుగా నిర్మించిరి. మీది చెరువు నిండినచో అలుగు పారి, ఆ నీరు కాలువగుండ దిగువ చెరువును చేరును. తూముగుండ పొలములకు నీరు పోవును. చెరువున నిలిచిన నీరు నేలలోని కింకి చుట్టుప్రక్కల బావులలో ఊరును. తూము తెరచి మూయుటకు ఊరిలో నీరటికాడుండెడివాడు. నీటి దారి వానికి తెలిసినంతగా నేటి పటములు వ్రాయువారికి తెలియదని నా యనుమానము.

నగరము పెరిగినకొలది చెరువులు పూడినవి. కాలువలపై ఇండ్లు లేచినవి. నా మిత్రుడొకడు చవుకగా వచ్చినదని ఒక స్థలము కొని యిల్లు కట్టెను. ఆ చోటు ఒకప్పటి చెరువు శిఖమని వానికెవ్వరును చెప్పలేదు. వాడును అడుగలేదు. 2020 అక్టోబరులో కుంభవృష్టి కురిసి నగరమున అనేక కాలనీలు మునిగినపుడు, రాత్రివేళ వాని యింట నడుములోతు నీరు నిలిచెను. మనుమలిద్దరిని అటకపై కూర్చుండబెట్టి, తాను భార్యతో మెట్లపై తెల్లవార్లు మేలుకొనెను. నేను చూడబోయినపుడు గోడపై బురదగీత వాని యెదవరకు వచ్చుచుండెను.

"ఇంత నీరు ఎక్కడినుండి వచ్చినదయ్యా?" అని వాడు నన్నడిగెను. పాత అలుగు ఉండిన దిక్కు చూపితిని. అచ్చట నొక కల్యాణమండపము కలదు.

వచ్చిన నీరు సిమెంటు వీథుల మీదుగా నాలాలో బడి మూసీకి పోయెను. నేలలో నింకినది స్వల్పము. మరుసటి ఏప్రిలులో వాని గొట్టపుబావి ఎండిపోగా, అదే గుమ్మము ముందు బిందెలు వరుసగా పెట్టుకొని నీళ్ల ట్యాంకరుకై వాడు ఎదురుచూచుచుండెను.