విరిగిన కీలు – అతుకు బాధ్యత

తెలుగు పాఠము చెప్పుకొనేవారికి లారీ మడతబందుతో పని యేమని పాఠకులు అడుగవచ్చును. మా తరగతిలో ఒక విద్యార్థి తరచు ఎర్రబడిన కళ్ళతో వచ్చి కునుకుతూ ఉండెడివాడు. సినిమాల ఫలితమని మందలించాము. అతడు సాయంకాలము ఒక వెల్డింగు షాపులో పనిచేస్తున్నాడని తరువాత తెలిసినది. ఒక రాత్రి మేమే అక్కడకు వెళ్ళి మూడు గంటలు కూర్చున్నాము.

మనిషి ఒంటిలో కదిలే సంధిని కీలు అంటాము. తలుపును కదిలించే ఇనుమూ కీలే. ఉర్దూలో దీనిని కబ్జా అంటారు. పట్టు అని కూడ ఆ మాటకు అర్థమున్నది. అదే మాట తెలుగులో చెరువులను, స్థలాలను ఆక్రమించే పనికి పేరైపోయినది. అది వేరే కథ.

ఆ రాత్రి ఒక ఇటుకల లారీ వచ్చినది. వెనుక తలుపును క్రింద పట్టియుంచే రెండు కీళ్ళలో ఎడమది, పిన్ను దూరే కన్ను దగ్గర విరిగినది.

"ఉస్తాద్, నాలుగు చుక్కలు వేసి పంపు భాయ్, తెల్లారేసరికి లోడు దింపాలి" అన్నాడు డ్రైవరు.

"వేస్తాను. నీ వెనక స్కూటరు మీద వచ్చేవాడికి ఈ సంగతి ఎవరు చెప్తారు?" అని ఉస్తాదు పని మొదలుపెట్టాడు.

తలుపు క్రింద జాకీ పెట్టించి కీలు మీది బరువు తీయించాడు. బ్యాటరీ తీగ విప్పించాడు. ఎర్తు క్లాంపును ఛాసిస్ మీద ఎక్కడో గాక కీలు ప్రక్కనే బిగించాడు. దూరముగా బిగిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడుచేయవచ్చును. డీజిల్ ట్యాంకు వైపు నిప్పురవ్వలు పోకుండ రేకు అడ్డము పెట్టించి, ఇసుక బాల్చీ దగ్గరగా ఉంచాడు. నిండిన ట్యాంకు కంటె ఖాళీ ట్యాంకును వెల్డింగు చేయుట మరింత ప్రమాదమని చాలమందికి తెలియదు. పేలేది లోపల నిలిచిన ఆవిరి.

విరిగిన అంచులను అట్లే కలిపి పైన రాడ్డు పోస్తే చూపునకు అందముగానే ఉండును. లోపలి బీట మాత్రము బీటగానే మిగులును. అందుచేత తుప్పు, గ్రీజు, రంగు తీసివేసి, అంచులను గ్రైండరుతో ఏటవాలుగా అరగదీసి, అడుగు నుండి పొరలు పొరలుగా నింపవలెను. ప్రతి పొర మీది స్లాగును సుత్తితో రాల్చి, వైరు బ్రష్షుతో తుడువక రెండవ పొర వేయరాదు. రాడ్డుకు తేమ పట్టితే అందులోని హైడ్రోజను వేడి ఇనుములో చేరి, అతుకు చల్లారిన కొన్ని గంటలకు కూడ బీట పుట్టించగలదు. త్వరపడి నీళ్ళు పోయుట మరొక దోషము. అతుకు ప్రక్కనున్న ఇనుము పెళుసుబారవచ్చును. పోత ఇనుప కీలైతే మామూలు రాడ్డుతో అతుకుట కంటె మార్చుటే మేలు.

మా విద్యార్థి కీలును పట్టుకొని, ముఖము ప్రక్కకు త్రిప్పి నిలుచున్నాడు. చేతిలో నల్లద్దము లేదు. ఉస్తాదు కసిరి అద్దము ఇప్పించాడు. ఇన్నాళ్ళూ ఎందుకు ఇప్పించలేదని అడుగబోయి ఊరకున్నాము. మేము కూడ ఇన్నాళ్ళూ అడుగలేదు గదా! ఆ వెలుతురులోని అతినీలలోహిత కిరణాల దెబ్బ అప్పటికప్పుడు తెలియదు. కొన్ని గంటలు గడచి, అర్ధరాత్రి వేళ, కళ్ళలో ఇసుక పోసినట్లు మండును.

బీట కన్నులో ఉంటే పిన్ను చాటున దాగును. అమెరికాలో ఒహాయో నది మీద 1928లో కట్టిన సిల్వర్ బ్రిడ్జి 1967 డిసెంబరు 15న కూలి 46 మంది మరణించారు. వంతెనను మోసే ఇనుప కడ్డీలలో ఒకదాని కన్నులో పుట్టిన సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోతు బీట దానికి మూలము. కీలు విప్పితే తప్ప అది కంటికి ఆనేది కాదు. వంతెనను విప్పి చూచుట ఎవరి తరము? లారీ కీలు పిన్నును మాత్రము ఒక సుత్తితో బయటకు తీయవచ్చును.

మన 1988 మోటారు వాహనాల చట్టము 190వ సెక్షను ఈ భేదమునే పట్టుకొన్నది. తెలిసిన లోపమే కాదు, సాధారణమైన జాగ్రత్తతో తెలిసికొనగలిగిన ప్రమాదకర లోపముతో బండి నడిపినా, నడిపించినా, నడుపనిచ్చినా తప్పే. అనగా డ్రైవరుతోపాటు యజమాని కూడ ఇందులోనికి వచ్చును. అతుకు వేసినవాని మాట ఆ వాక్యములో లేదు. అయితే నిర్లక్ష్యము వలన ప్రాణము పోయినపుడు, 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షను ఎవరి వృత్తినీ మినహాయించదు.

ఎడమ కీలు పూర్తియైన తరువాత, కుడిదాని పిన్ను కూడ తీయుమన్నాడు ఉస్తాదు. డ్రైవరుకు కోపము వచ్చినది. బాగున్నదానిని కెలుకుట ఎందుకని అరచాడు. ఉస్తాదు బదులు చెప్పక, కన్నును శుభ్రముగా తుడిచి, కిరోసిన్ పూసి, కొంతసేపు ఆగి, మరల తుడిచి సుద్దపొడి అద్దాడు. తెల్లని సుద్ద మీద వెంట్రుక వంటి తడిగీత ఒకటి మెల్లగా తేలినది. డ్రైవరు వంగి దానిని చాలసేపు చూచాడు. క్లీనరును టీ తెమ్మని పంపి, తాను క్యాబిన్‌లోనికి పోయి పడుకొన్నాడు. లారీ తెల్లవారిన తరువాత కదిలినది.