కల్యాణలక్ష్మి చెక్కు వచ్చేలోపు బంగారం కుదువ పెడుతున్నారా? ముందు ఇది చదవండి

యాచారం మండలంలోని కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ లబ్ధిదారుల కుటుంబాలకు

పెళ్లి ఖర్చు ముందు వస్తుంది, చెక్కు తర్వాత వస్తుంది. ఈ మధ్యకాలం గడవడానికి చాలా ఇళ్లల్లో అమ్మ మెడలోని గొలుసో, గాజులో కుదువకు పోతాయి. కుదువ పెట్టడం తప్పు కాదు. కానీ ఎక్కడ పెడుతున్నాం, ఏ కాగితం చేతికి వచ్చింది అన్నది చూసుకోకపోతే, చెక్కు వచ్చినా బంగారం తిరిగి రాకపోవచ్చు.

1. ముందు లెక్క వేసుకోండి

"నూటికి మూడు రూపాయలు" అంటే నెలకు మూడు. అంటే ఏడాదికి 36 శాతం మిత్తి. లక్ష రూపాయలు తెచ్చుకుంటే నెలకు 3,000, పది నెలలకు 30,000. పథకం కింద వచ్చేది 1,00,116 రూపాయలు. అసలు కట్టగా మిగిలేది 116 రూపాయలే. 30,000 మిత్తి మీ జేబులోంచి పోవాల్సిందే. నూటికి రెండు అయినా పది నెలలకు 20,000 అవుతుంది. చెక్కు ఏ తేదీన వస్తుందో ముందే చెప్పలేం కాబట్టి, మొత్తం చెక్కును నమ్ముకుని అప్పు చేయకండి. అవసరమైనంతే తీసుకోండి.

మీరు మహిళా సంఘం సభ్యులైతే ముందు సంఘంలో, స్త్రీనిధిలో అప్పు దొరుకుతుందేమో అడగండి.

2. షాపులు రెండు రకాలు

బయటి నుంచి చూస్తే రెండూ బంగారంపై అప్పు ఇచ్చే షాపులే. కానీ వాటిని చూసే అధికారులు వేరు.

మొదటిది పాన్ బ్రోకర్, వడ్డీ వ్యాపారి షాపు. రాజ్యాంగంలో వడ్డీ వ్యాపారం రాష్ట్ర జాబితాలోని అంశం. మన ప్రాంతంలో దీనికి నిజాం కాలం నాటి చట్టం ఉంది: తెలంగాణ ప్రాంత వడ్డీ వ్యాపారుల చట్టం, 1349 ఫసలీ. ఇంగ్లిషు లెక్కలో అది 1939-40. వడ్డీ వ్యాపారం చేసేవారికి లైసెన్స్ ఉండాలి. షాపులో లైసెన్స్ చూపించమని అడగడం మీ హక్కు. అనుమానం ఉంటే యాచారం తహసీల్దార్ కార్యాలయంలో విచారించండి.

రెండోది బ్యాంకు, లేదా రిజర్వు బ్యాంకు రిజిస్ట్రేషన్ ఉన్న ఫైనాన్స్ కంపెనీ. వీటిని చూసేది రిజర్వు బ్యాంకు. రిజర్వు బ్యాంకు పరిధిలోని ఫైనాన్స్ కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని సుప్రీంకోర్టు 2022 మేలో తీర్పు చెప్పింది. అందుకే ఫిర్యాదు చేసే చోటు కూడా వేరవుతుంది.

3. బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ అయితే

బంగారం అప్పులపై రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో కొత్త ఆదేశాలు ఇచ్చింది. 2026 ఏప్రిల్ 1 నాటికి అందరూ వీటిని అమలు చేయాలి. ముఖ్యమైనవి:

• బంగారం మీ కళ్ల ముందే తూచి, పరీక్షించాలి. రాళ్ల బరువు, తరుగు ఎంత తీశారో చెప్పాలి.
• అప్పు రెండున్నర లక్షల లోపు అయితే బంగారం విలువలో 85 శాతం వరకు ఇవ్వవచ్చు.
• మొత్తం కట్టేశాక ఏడు పనిదినాల లోపు బంగారం తిరిగి ఇవ్వాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు చెల్లించాలి.
• వేలానికి ముందు మీకు నోటీసు ఇవ్వాలి. వేలంలో అప్పు పోను మిగిలిన సొమ్ము మీదే.

4. ఏ షాపు అయినా వర్తించే చట్టం

భారత కాంట్రాక్టు చట్టం, 1872 తాకట్టు గురించి స్పష్టంగా చెబుతుంది. ఇది పాన్ బ్రోకర్‌కూ వర్తిస్తుంది.

• గడువు దాటినంత మాత్రాన బంగారం షాపు వాళ్లది అయిపోదు. అమ్మాలంటే ముందు మీకు తగిన నోటీసు ఇవ్వాలి.
• గడువు దాటినా, నిజంగా అమ్మకం జరిగేంత వరకు బాకీ, దాని వల్ల అయిన ఖర్చు కట్టి మీరు విడిపించుకోవచ్చు.
• అమ్మగా ఎక్కువ వస్తే ఆ ఎక్కువ మీకు ఇవ్వాలి. తక్కువ వస్తే మిగతాది మీరే కట్టాలి. ఈ మాట కూడా గుర్తుంచుకోండి.

"గడువు అయిపోయింది, ఇక నీకేం లేదు" అని ఎవరన్నా అంటే వెనక్కి తిరిగి రాకండి. నోటీసు ఎప్పుడు ఇచ్చారు, ఎంతకు అమ్మారు, కాగితం చూపించమని అడగండి.

5. రసీదులో ఇవి ఉన్నాయా?

షాపు పేరు, చిరునామా, లైసెన్స్ నంబరు, తేదీ, వస్తువుల పేర్లు, ఒక్కొక్కదాని బరువు, ఇచ్చిన సొమ్ము, మిత్తి, గడువు. మిత్తి నెలకా, ఏడాదికా అన్నది కూడా రాయించుకోండి. అప్పు ఇచ్చేటప్పుడే మొదటి నెల మిత్తి పట్టుకుంటే, చేతికి వచ్చిన సొమ్ము ఎంతో రాయించండి. నగలు ఇచ్చే ముందు, రసీదు తీసుకున్నాక రెండింటికీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మిత్తి కట్టిన ప్రతిసారీ సంతకంతో రాయించండి.

తెల్లకాగితంపై సంతకం, వేలిముద్ర వేయకండి. ఏటీఎం కార్డు, పిన్ నంబరు, పట్టాదారు పాసుపుస్తకం, చెక్కు వచ్చే బ్యాంకు పాసుబుక్కు ఎవరికీ కుదువగా ఇవ్వకండి.

6. ఇబ్బంది వస్తే ఎక్కడికి పోవాలి?

పాన్ బ్రోకర్ షాపు అయితే: యాచారం తహసీల్దార్‌కు, లేదా ఇబ్రహీంపట్నం ఆర్డీవో కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అందినట్టు ముద్ర వేయించుకోండి. మోసం, బెదిరింపు ఉంటే పోలీసులకు చెప్పండి.

బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ అయితే: ముందు వాళ్లకే ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చు. వివరాలకు 14448.

వకీలు ఖర్చు భరించలేమనుకునేవారికి: 15100కు ఫోన్ చేయండి. ఆదాయం ఎంత ఉన్నా మహిళలకు, అలాగే ఎస్సీ, ఎస్టీలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది.

రసీదు లేకపోతే ఎక్కడికి పోయినా మీ మాట నిలబెట్టుకోవడం కష్టం. బంగారం షాపులో ఉన్నన్ని రోజులు రసీదును బంగారంలాగే దాచుకోండి. ఇంట్లో ఇంకొకరికి కూడా ఎక్కడ పెట్టారో చెప్పి ఉంచండి.