గట్టు మీది గడ్డి చామంతితో జాగ్రత్త

మెక్సికో ఎడారుల్లో వాన పడిందంటే చామంతి లాంటి పచ్చటి అడవిపువ్వు ఒకటి నేలంతా పరుచుకుంటుంది. ఎక్కువగా మేస్తే గొర్రెలకు అది విషం. ఆ మొక్క మన ముస్తాబాద్ చెలకల్లో లేదు. కానీ మెక్సికో వైపు నుంచే వచ్చిన దాని చుట్టం గట్ల మీద, బాటల పక్కన ఏడాది పొడవునా పూస్తూనే ఉంటుంది. అదే గడ్డి చామంతి. నల్లారం అనీ, గాయపాకు అనీ పిలుస్తారు. నడుమ పచ్చటి బుడిపె, చుట్టూ పాలిపోయిన అయిదారు రేకులు, ఒక్కో రేకు కొనకు మూడు పండ్లు ఉంటాయి.

కొడవలి తెగితే దీని ఆకు నలిపి పసరు పిండడం మనకు అలవాటే. చిన్న గీతకైతే సరే. గాయం లోతుగా తెగితే మాత్రం దవాఖానకు పోయి ధనుర్వాతం సూది వేయించుకోవాలె.

ఇంత మంచి మొక్కను పీకమంటారేమిటని రైతులు అడగొచ్చు. వేరుశనగ, పొద్దుతిరుగుడు, పత్తి వేసేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ లేత మొక్కల చిగుళ్లు, కాండాలు నల్లబడి ఎండిపోయాయి. దాదాపు 2 లక్షల 25 వేల హెక్టార్లలో తెగులు కనబడింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించి, ఇది పొగాకు స్ట్రీక్ వైరస్ వల్ల వచ్చే కాండం కుళ్ళు తెగులని తేల్చారు. పొద్దుతిరుగుడులో 1997 నుంచే ఈ వైరస్ ఉంది. తర్వాత పత్తిలోనూ కనబడింది.

వైరస్‌కు అసలు ఇల్లు వయ్యారిభామ. గడ్డి చామంతి లాంటి మరికొన్ని కలుపు మొక్కల్లోనూ అది బతుకుతుంది. వయ్యారిభామ పైకి నవనవలాడుతూనే ఉంటుంది, రోగం ఉన్నట్టు కనబడదు. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. పూలలో తిరిగే తామర పురుగుల ఒంటికి అంటుకొని కొంత, గాలికి కొంత పైరు ఆకుల మీద పడుతుంది. పురుగు ఆకును గీకినప్పుడు ఆ గాటులోంచి వైరస్ లోపలికి పోతుంది.

వేరుశనగ పుప్పొడి పువ్వులోనే మూసుకొని ఉంటుంది కాబట్టి, ఒక వేరుశనగ మొక్క నుంచి ఇంకో మొక్కకు ఈ తెగులు పాకడం అరుదు. అందుకే చేనులో ఎండిన మొక్కలను పీకితే పెద్ద లాభం లేదు. పీకవలసినవి గట్టు మీద ఉన్నాయి.

అదును ముఖ్యం. పూతకు రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు పీకాలె. పూశాక పీకితే పుప్పొడి రాలనే రాలింది. గడ్డి చామంతి గింజకు దూది లాంటి కుచ్చు ఉంటుంది, గాలికి పక్క చేను దాకా ఎగురుతుంది. వయ్యారిభామను ఉత్త చేతులతో ముట్టకండి, దురద, ఆయాసం వస్తాయి. మీ గట్టు ఒక్కటే శుభ్రం చేస్తే చాలదు, పక్క రైతును కూడా కలుపుకోండి.

వేరుశనగ విత్తేటప్పుడు చుట్టూ నాలుగు వరుసలు జొన్న గానీ సజ్జ గానీ వేయండి. గాలికి వచ్చే పుప్పొడిని, పురుగును అవి చాలావరకు ఆపుతాయి, పశువులకు చొప్ప కూడా దొరుకుతుంది. కిలో విత్తనానికి 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టిస్తే మొదటి రోజుల్లో తామర పురుగులు తగ్గుతాయి. చిగురు నల్లబడ్డ మొక్క కనబడితే వేరుతో సహా తీసి మండల వ్యవసాయాధికారికి గానీ, జగిత్యాల దగ్గరి పొలాస పరిశోధనా స్థానంలో గానీ చూపించండి. మొవ్వుకుళ్ళు తెగులు కూడా చూడడానికి ఇట్లాగే ఉంటుంది.