విద్యార్థులచే విజ్ఞాన ప్రదర్శనముల తయారీ: దోమను గూర్చిన పాఠము

గుజరాతు రాష్ట్రమున సూరతు జిల్లా, పల్సానా తాలూకాలో జోల్వా అను ఊరు కలదు. దారపు మిల్లులకును, బట్టల పరిశ్రమకును ఈ ప్రాంతము పేరుగన్నది. మగ్గము పని తెలిసిన పద్మశాలి కుటుంబములు అనేకము తెలంగాణము నుండి సూరతు ప్రాంతమునకు వలస వచ్చి స్థిరపడినవి. కుళాయి వచ్చు వేళకు నీరు పట్టి పీపాలలో నిలువ చేసికొను ఇండ్లలో దోమకు చోటు దొరకును. మలేరియా, డెంగీ జ్వరములు వచ్చిన ఇంట కూలి పోవును, బిడ్డల చదువు చెడును. కనుక ఇట్టి ఊళ్ల పాఠశాలలలో విజ్ఞాన ప్రదర్శనమునకు దోమకంటె తగిన విషయము అరుదు.

ప్రదర్శనము అనగా నేమి?

గోడకు పటము తగిలించి ప్రక్కన నిలిచి కంఠస్థము చేసినది అప్పగించుట ప్రదర్శనము కాదు. చూడవచ్చినవాడు తన చేతితో ఏదియో చేయవలెను. చేసినదాని ఫలము వెంటనే కంటికి కనబడవలెను. 1969లో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున స్థాపించిన ఎక్స్‌ప్లొరటోరియమునకు ఇదియే మూలసూత్రము. మన దేశమున అహమ్మదాబాదులో 1960ల దశకమున విక్రం సారాభాయి నెలకొల్పిన విజ్ఞాన కేంద్రము కూడ విద్యార్థి స్వయముగా చేసి తెలిసికొనుటకే ప్రాధాన్యము నిచ్చినది.

తయారు చేయు విధము

విద్యార్థులను నలుగురైదుగురు చొప్పున జట్లుగా విభజింపవలెను. ప్రతి జట్టు ఒకే ప్రశ్నను ఎన్నుకొనవలెను. ఉదాహరణమునకు: “దోమపిల్ల నీటిలో ఎట్లు ఊపిరి పీల్చును?”

రెండు గాజు సీసాలు తీసికొని, పాత నీటిలో దొరకిన దోమ లార్వాలను ఉపాధ్యాయుని సమక్షమున వానిలో విడువవలెను. మూతులను సన్నని వలగుడ్డతో బిగించి కట్టవలెను. చూడవచ్చినవాడు మొదటి సీసాను వ్రేలితో మెల్లగా తట్టును. లార్వాలు భయపడి అడుగునకు పోవును. కొంతసేపటికి మరల పైకి వచ్చును. ఎందుకు వచ్చినవని అతడే ఆలోచించును. తోకవైపున నున్న గొట్టమును నీటిపైకి చాచి అవి గాలి పీల్చుచున్నవని భూతద్దములో తెలిసికొనును. రెండవ సీసాలో కొబ్బరినూనె పొర నీటిని కప్పియుండును; అందు లార్వాలు గాలి యందక చచ్చిపడి యుండును. కారణము ఎవరును చెప్పనక్కరలేదు.

పిమ్మట ఒక అట్టచక్రము నుంచవలెను. దానిని త్రిప్పినచో గ్రుడ్డు, లార్వా, ప్యూపా, దోమ అను నాలుగు దశలు క్రమముగా కనబడును. వేడి దినములలో గ్రుడ్డు దోమగా మారుటకు వారము నుండి పది దినములు పట్టును. వారమున కొకసారి పీపా ఖాళీ చేయుమని చెప్పుటలోని రహస్య మిదియే. అయితే నీరు పారబోయుట మాత్రమే చాలదు. డెంగీని వ్యాపింపజేయు ఏడిస్ దోమ నీటి అంచుకు పైన పాత్ర గోడకు గ్రుడ్లు అంటించును. అవి నెలల తరబడి ఎండిననూ చావక, తడి తగిలినప్పుడు పొదుగును. కావున గోడలను పీచుతో తోమి, ఎండబెట్టి, మూత వేయవలెను.

పరీక్షించి సవరించుట

ప్రదర్శనము సిద్ధమైన పిమ్మట పది మందిని రప్పించి, విద్యార్థులు దూరముగా నిలిచి మౌనముగా గమనింపవలెను. చేయి ఎచటికి పోవుచున్నది? సీసాను తట్టవలెనని తోచినదా? తోచనిచో లోపము చూడవచ్చినవానిది కాదు, ప్రదర్శనముది. వ్రాత తగ్గించి బొమ్మ పెంచవలెను. గుజరాతీ, హిందీ, తెలుగు, ఒడియా మాటలాడువారు కలిసియున్న ప్రాంతమున బొమ్మయే అందరి భాష. బల్ల ఎత్తు చిన్న పిల్లలకును అందునట్లుండవలెను.

జాగ్రత్తలు

వలగుడ్డ చిరుగరాదు. ప్యూపాలు కనబడిన దినముననే ఆ సీసాలో మరిగిన నీరు పోసి, పిమ్మట పారబోయవలెను. ఈ పని ఉపాధ్యాయుడే చేయవలెను. త్రాగు నీటిలో నూనె పోయరాదని, ఇంట చేయవలసినది తోముటయు మూత వేయుటయు మాత్రమేనని స్పష్టముగా చెప్పవలెను.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపును సూక్ష్మదర్శినిలో పరీక్షించి మలేరియా క్రిమిని కనుగొనెను. ఆయన కూడ చేతితో చేసి, కంటితో చూచియే నేర్చుకొనెను. 1994లో ప్లేగు భయమునకు లక్షలాది జనులు విడిచిపోయిన సూరతు నగరము, తరువాతి సంవత్సరములలో పరిశుభ్రతకు పేరు పొందినది. శుభ్రత నేర్చుకొనదగిన విద్యయే అనుటకు ఇదియే నిదర్శనము. సీసాను తట్టి చూచిన బాలిక ఇంటికి పోయి పీపా మూత యెత్తి చూచును. అచట లార్వా కనబడినచో ఏమి చేయవలెనో ఆమెకు తెలియును. ప్రదర్శనము యొక్క ఫలము అదియే.