పెద్ద కండ్లని మురిసినం

ముప్పై నాలుగేండ్లు బడిపంతులుగ చేసిన. కొన్నేండ్లు కరీంనగర్ పక్కన, కొన్నేండ్లు ముథోల్ దిక్కు. నేను డాక్టర్‌ను కాను. మా ఇంట్ల ఒక పిల్లకు, నా బడిల ఒక పిలగానికి నీటికాసులు (గ్లకోమా) వస్తే దగ్గరుండి చూసినోణ్ని.

1. పసిపిల్ల కండ్లు మరీ పెద్దగుంటే మురవద్దు. మా తమ్ముని మనుమరాలు పుడితే "లక్ష్మీదేవి లెక్కున్నది" అన్నరు. అందరికన్న ముందు అన్నది నేనే. మూడో నెలల వాకిట్లకు తెస్తే చాలు, తల్లి భుజంల మొహం దాచుకునేది. కండ్లెంబడి ఒకటే నీళ్లు. ఎండ పడతలేదనుకున్నం. ఒకనాడు నల్లగుడ్డు మీద బూడిద పొర కనబడ్డది. కంటిలోపలి నీరు బయటికి పోయే దారి పుట్టుకతోనే సరిగ్గ తయారుకాలేదట. ఒత్తిడి పెరిగితే పసికన్ను మెత్తగుంటది గనుక బుగ్గ లెక్క సాగుతది. మేం మురిసింది ఆ సాగిన కన్నును చూసే.

2. డాక్టరమ్మ అడిగిన మొదటి మాట: "మీరిద్దరు దగ్గరి సుట్టాలా?" మా తమ్ముని కొడుకు అక్క బిడ్డనే చేసుకున్నడు. తల్లిదండ్రులిద్దరిల ఒకే జన్యులోపం దాగి ఉంటే, కాన్పు కాన్పుకు నాలుగింట ఒక వంతు ముప్పు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల సుమారు 3,300 కాన్పులకు ఒకరికి ఈ జబ్బని లెక్క తేలింది. పడమటి దేశాలల్ల పదివేలకొకరు. తల్లి గ్రహణం చూసిందన్నోళ్లకు నేను ఈ లెక్కే చెప్పిన. తర్వాత పుట్టిన ఆ పిల్ల తమ్మునికి నెల నిండకముందే కండ్లు చూపించినం.

3. పుట్టుకతో వచ్చినదానికి చుక్కల మందుతో సరిపోదు, ఆపరేషన్ కావాలె, అదీ తొందరగ. ఈ పిల్లల కండ్లకే ఏండ్లకేండ్లు పనిచేసిన డాక్టర్ అనిల్ కుమార్ మండల్‌కు 2003ల భట్నాగర్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన ఎల్.వి.ప్రసాద్ కంటి సంస్థ పల్లెల మొదటి ఆస్పత్రి తెరిచింది 1996ల, మా ముథోల్లనే. ఆపరేషన్‌తోటి అయిపోదు. కొన్ని నెలలకోసారి మత్తిచ్చి ఒత్తిడి చూస్తరు. అట్ల చూపించనీకి హైదరాబాద్ పోయినప్పుడల్ల జూబ్లీ బస్టాండ్‌ల మేం తిన్న ఇడ్లీలకు లెక్క లేదు.

4. ఇది నా తప్పు. నా బడిల ఒక పిలగాడు ఎండకాలం వస్తే కండ్లు నలుపుకుంటుండె. ఎర్రగయితుండె. మెడికల్ షాపుల ఒక చుక్కల మందు ఇచ్చిన్రు, రెండు రోజుల్ల తగ్గింది. "అదే తెచ్చుకోరా" అన్న. రెండేండ్లు వేసిండు. అది స్టెరాయిడ్. దురద తగ్గిస్తది, కొందరికి లోపల ఒత్తిడి పెంచుతది. నొప్పి లేదు. బోర్డు మీది అక్షరాలు మంచిగనే చదువుతుండె. కబడ్డీల మాత్రం పక్కనుంచి వచ్చేటోణ్ని చూడక పట్టుబడుతుండె. వానికి ఆట రాదని నవ్వినం. ఒత్తిడికి కంటినరం ఎండినంత మేర పోయిన చూపు మళ్లీ రాలేదు.

5. ఒత్తిడి తగ్గించే మందు వేసేటప్పుడు చుక్క ఒక్కటి చాలు. వేసినంక కన్ను మూసి, ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు వేలితో ఒత్తాలె. లేకపోతే మందు గొంతులకు దిగుతది. రెండో మందుకు ఐదు నిమిషాలు ఆగాలె.

6. మనుమరాలు ఇప్పుడు ఎనిమిది చదువుతది, ముందు బెంచీల కూసుంటది. ఒక కన్ను మసక. రాత్రి మందు వేసేది నేనే. మొన్న నిద్రమబ్బుల రెండో సీసా తీసిన.

"తాతా, ఇంకా రెండు నిమిషాలున్నయి" అన్నది, కండ్లు మూసుకునే.