ఆమ్లజని సెన్సారు చెప్పు సాక్ష్యము

మోటారుబండి నడుపువాని యెదుట పసుపుపచ్చని ఇంజను బొమ్మ వెలిగినప్పుడు, మెకానిక్కులు స్కానరు అను యంత్రమును బండికి తగిలించి ఒక దోషసంకేతమును చదువుదురు. ఆ సంకేతము ఆమ్లజని, అనగా ఆక్సిజను సెన్సారు పేరు చెప్పినంతనే దానిని తీసివేసి క్రొత్తదానిని బిగించుట పలుచోట్ల వాడుక. ధనము వ్యయమగును, కొలది దినములకే దీపము మరల వెలుగవచ్చును. బాడుగబండి నడిపి కుటుంబమును పోషించుకొనువానికి ఇది స్వల్పనష్టము కాదు. ఇట్లేల జరుగునో విద్యార్థులకు తెలుప బూనితిమి.

మొదట ఈ సాధనము చేయు పనిని గ్రహింపవలయును. ఒక పాలు పెట్రోలు చక్కగా మండుటకు, తూకమున, సుమారు 14.7 పాళ్ల గాలి కావలయును. గాలి హెచ్చినచో మిశ్రమము పలుచనయనియు, పెట్రోలు హెచ్చినచో చిక్కనయనియు చెప్పుదుము. సెన్సారు మొనయందు జిర్కోనియా అను పింగాణివంటి పదార్థము గలదు. ఇది సుమారు 300 సెంటీగ్రేడు డిగ్రీలకు మించి వేడెక్కినపిమ్మట, పొగయందలి ఆమ్లజనికిని వెలుపలి గాలియందలి ఆమ్లజనికిని గల భేదమునుబట్టి విద్యుత్తును పుట్టించును. మిశ్రమము చిక్కనైనచో ఇంచుమించు 0.9 వోల్టు, పలుచనైనచో 0.1 వోల్టు కనబడును. దానినిబట్టి బండిలోని కంప్యూటరు పెట్రోలును తగ్గించుచు, హెచ్చించుచు నుండును. 1976లో వోల్వో కంపెనీవారు బాష్ కంపెనీ చేసిన ఇట్టి సెన్సారును తమ కార్లయందు అమర్చిరి. కొన్ని క్రొత్త బండ్లయందు వేఱొక జాతి సెన్సారు గలదు; దానికి ఈ వోల్టు లెక్కలు వర్తింపవు.

ఇక పి 0131 అను సంకేతమును ఉదాహరణముగా గైకొందము. ముందటి సెన్సారు వోల్టు తక్కువగా నున్నదని దీని భావము. సెన్సారు చెడినదని కాదు. వోల్టు తగ్గుటకు నాలుగు కారణము లుండవచ్చును: సెన్సారు చెడుట, దాని తీగ ఒరసికొని బండి ఇనుమునకు తగులుట, పొగగొట్టము సెన్సారునకు ముందు పగిలి బయటిగాలిని పీల్చుట, మిశ్రమము నిజముగనే పలుచనగుట. కడపటి రెంటియందు సెన్సారు తన పని తాను చేయుచునే యున్నది!

కావున పరీక్ష క్రమముగా జరుగవలయును. మొదట సంకేతమును చెరుపక వ్రాసికొనవలెను. రెండవది, ఇంజను చల్లగా నున్నప్పుడు తీగలను, పొగగొట్టపు అతుకులను కన్నులార చూడవలెను. అతుకు వద్ద మసి యున్నచో అచ్చట పగులుండవచ్చును. మూడవది, ఇంజనును బాగుగా వేడెక్కించి స్కానరులో వోల్టును గమనింపవలెను. ఆక్సిలరేటరును ఒక్కసారి త్రొక్కినప్పుడు వోల్టు వెంటనే పైకెగసి, విడిచినప్పుడు దిగినచో, సెన్సారు బ్రతికియే యున్నది. అప్పుడు గాలి చొరబడు రబ్బరు గొట్టములను, పెట్రోలు పంపు ఒత్తిడిని వెదుకవలెను. నాలుగవది, వోల్టు ఏమియు కదలనిచో సెన్సారు తీగముడిని విప్పి చూడవలెను. అప్పుడు స్కానరులో అంకె మారినచో లోపము సెన్సారువైపు. మారనిచో తీగవైపుననో, కంప్యూటరువైపుననో యుండవచ్చును.

పి 0135 సంకేతము వేఱు. అది సెన్సారును త్వరగా వేడిచేయు లోపలి హీటరు వలయమును గూర్చినది. దీనికి ఫ్యూజును, తీగముడివద్దకు వచ్చు విద్యుత్తును ముందు చూచి, పిమ్మట హీటరు నిరోధమును మల్టీమీటరుతో కొలిచి, బండి పుస్తకములోని అంకెతో పోల్చవలెను.

ఒక హెచ్చరిక. మూసిన కొట్టములో ఇంజనును నడుపరాదు. పొగయందలి కార్బన్ మోనాక్సైడు ప్రాణము తీయును. దీపమును లెక్కచేయక బండి నడుపుటయు తగదు. మిశ్రమము మిక్కిలి చిక్కనైనచో మండని పెట్రోలు కాటలిటిక్ కన్వర్టరులో మండి, సెన్సారుకంటె మిగుల వెలగల ఆ భాగమును పాడుచేయును.

దోషసంకేతము సాక్షి మాత్రమే, న్యాయాధిపతి కాదు. సాక్షి చెప్పినది విని, విచారించి, పిమ్మట తీర్పు చెప్పువాడే మంచి పనివాడు. ప్రయోగశాలలో అంకెలను చదువు మన విద్యార్థులును ఈ నియమమును మరువకుందురు గాక.